పండగెప్పుడని అడిగిపోయే గుమస్తా

మంగళవారం, పొద్దున పదకొండుంబావు. తొలకరి పడి వారం కూడా కాలేదు, కోర్టు వరండా అంతా బురద కాళ్ల గుర్తులే. ఆ టైముకు కుంజా జోగయ్య బోనెక్కి, మేనేజ్‌మెంట్ వకీలు అడిగిన ఒక ప్రశ్నకు ఒక ముక్కలో జవాబు చెప్పిండు. ఆ ముక్కతో ఆయన కొలువు మళ్లీ రాకుండ పోయింది. అబద్ధం చెప్పి పోగొట్టుకుంటే నాకింత బాధ ఉండేది కాదు. నిజం చెప్పిండు.

ఇది తొంభై మూడులో మాట. ఇప్పుడు నేను కేసులు పట్టుకుంటలేను. యూనియన్ ఆఫీసుకు కొత్తగా వస్తున్న పిల్లలు "ఆ పని ఎట్లుంటదో రాసియ్యి తాతా" అని వెంటపడితే రాస్తున్న. ఏ సభలో ఎవరు శాలువ కప్పిన్రో, ఏ పదవి ఎప్పుడొచ్చిందో రాయను. వాటితో మీకు పనిలేదు. ఓడిన కేసుతోనే పని.

నా చదువు

మాది ముదిగొండ దిక్కు. నాయిన జీతగాడు. నేను బడి ముఖం చూడలే. పెద్దోణ్ణయినంక కలప లారీల మీద హమాలీగ భద్రాచలం వచ్చిన. పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినంక అక్షరాలు నేర్చుకున్న. నేర్పినాయన మా యూనియన్ సెక్రటరీ. మేమంతా పెద్దసారు అనేటోళ్లం. ఆయన అ ఆలతో మొదలుపెట్టలే. ఆఫీసులో పడున్న నోటీసు ఒకటి తీసి నా ముందట పెట్టిండు. నేను కూడబలుక్కొని చదివిన మొట్టమొదటి మాట "తొలగించడమైనది". ఆ తర్వాతనే నా పేరు రాయడం వచ్చింది.

లేబర్ కోర్టులో వకీలు పట్టా లేకున్నా యూనియన్ మనిషి కార్మికుని తరఫున మాట్లాడొచ్చు. చట్టం ఒప్పుకుంటది. పెద్దసారుకు కండ్లు మసకబారినంక ఆ పని నా మీద పడ్డది. నల్లకోట్ల వాళ్లు నన్ను చూసి "వేలిముద్ర వకీలొచ్చిండు" అని నవ్వేటోళ్లు. ఒకనాడు శేషగిరిరావు అనే వకీలు నా ముఖం మీదనే అన్నడు. "నా వేలిముద్రే నయం సార్. మీ సంతకమైతే ఎవడన్న దొంగతనంగ పెడ్తడు" అన్న. ఆయనే ఎక్కువ నవ్విండు. మంచి మనిషే. జోగయ్య కేసులో మిల్లు తరఫున వచ్చింది కూడా ఆయనే.

పెద్దసారు నాకు చెప్పింది ఒకటే. "కోర్టుల కడుపుమంట చూపెట్టకు నర్సయ్యా. కాగితం చూపెట్టు. కాగితం లేకపోతే మనిషిని చూపెట్టు. మనిషి కూడ లేకపోతే ఇంటికి పోయి పండుకో." ఇరవై ఏండ్ల కొలువులో ఇంతకు మించిన చదువు నాకు ఇంకెవరూ చెప్పలే.

గడువు కొలువు

నేను కేసులు పట్టుకున్న కొత్తల యజమాని ఒక మనిషిని ఏడాది పొడుగునా పనిచేయించుకొని ఊరికే పొమ్మంటే తప్పయ్యేది. నోటీసియ్యాలె, పరిహారమియ్యాలె. ఇయ్యకపోతే వెనక్కి తీసుకోవాలె. అట్ల నేను మధిరలో ఒక పత్తి గోదాము కావలిదారుని మళ్లీ అదే గేటు ముందట కూచోబెట్టిన. ఆ రోజు ఆ ముసలాయన విజిలేసిండు, నా కోసమే. చిన్న కేసు. అయినా అసుంటిది ఒకటి గెలిస్తే నాలుగేండ్లు నడిచే బలమొస్తది.

ఎనభై నాలుగులో చట్టంలోకి ఒక చిన్న ముక్క వచ్చి చేరింది. గడువు రాసుకున్న కొలువు, గడువు తీరి, మళ్లీ రాయకపోతే, అది తీసేసినట్టు కాదట. దానంతట అదే అయిపోయినట్టట. ఇగ చూడుండ్రి, ఏ మిల్లుకు పోయినా, ఏ గోదాముకు పోయినా పదకొండు నెలల కాగితాలే. పనేమో పన్నెండు నెలలు ఉంటది, మనిషి మాత్రం పదకొండు నెలలే. నడుమ నాలుగు రోజులు ఇంటికి తోలి, మళ్లీ పిలిచి కొత్త కాగితం మీద వేలు పెట్టించుకునేది.

అయినా దారి పూర్తిగ మూయలే. ఆ గడువు ఉత్త నాటకం, పని నిలకడగ ఉన్నదే, హక్కు ఎగ్గొట్టడానికే నడుమ గండి పెట్టిన్రు అని రుజువు చేస్తే కోర్టు ఒప్పుకునేది. ఆ గండి యజమాని కావాలని పెట్టిండని చూపెట్టాలె. మా తిప్పలంతా ఆడనే.

మిల్లూ, గూడెమూ

ఆ చెక్క మిల్లు గోదావరికి ఇవతల ఉండేది. ఇప్పుడు లేదు, పేరుతో పనిలేదు. అడవి మొద్దులు తెచ్చి వేడినీళ్ల తొట్టిలో ఉడకబెట్టి, మెత్తబడ్డంక పొరలు పొరలుగ చీల్చి అతికిస్తరు. జోగయ్య ఆ తొట్టి కాడ పని. పక్క కోయగూడెం ఆయనది. పోడు కొట్టుకున్న చెలక ఫారెస్టోళ్లు తీసుకున్నంక ఆయనకు, ఆయన పెండ్లాం ముత్తమ్మకు ఆ మిల్లే ఆధారం. ఏడేండ్లు చేసిండు. ఏడు కాగితాలు.

ఒక ఏడు ఒక పిలగాని కాలు తొట్టిలో జారి ఉడికింది. మేనేజరు "ఇంట్ల అన్నం వార్చుతుంటే గంజి పడ్డదని చెప్పుండ్రి" అన్నడట. జోగయ్య వాణ్ణి దవాఖానాకు ఎత్తుకపోయి డాక్టరుకు మిల్లులోనే కాలిందని చెప్పిండు. ఆ యేడాది పండగకు ఇంటికి పోయి తిరిగొస్తే గేటు కాడ "నీకు కాగితం లేదు" అన్నరు. మిగతా వాళ్లందరికీ రాసిన్రు, ఈయనకు తప్ప.

ఈ పండగ సంగతి కొంచెం చెప్పాలె. విత్తనాలు వేసే ముందు ఆ గూడేలలో భూమి పండగ చేస్తరు. మొగోళ్లంతా వేటకు పోతరు. ఆడోళ్లు బాటకు అడ్డంగ తాడు కట్టి, వచ్చేపోయే వాళ్లను ఆపి ఆడి పాడి ఇనాము తీసుకుంటరు. వేటకు పోకుండ ఇంటికాడ ఉన్నోణ్ణి, ఉత్త చేతులతో వచ్చినోణ్ణి ఆడోళ్లు ఇడువరు. పేడనీళ్లు కుమ్మరిస్తరు. ఆ రోజులలో మిల్లుకు పోయేటోడు ఒక్కడుండడు. "ఎవడన్న మిల్లుకు పోతే?" అని ముత్తమ్మను అడిగితే "పోతే పోనియ్యన్నా, తిరిగొస్తడు గద. బిందె నిండ కలిపి పెడ్తం" అన్నది.

ఆ పండగకు తేదీ లేదు. కాలెండరులో ఎర్రంకె ఉండదు. మబ్బు చూసి, నెల చూసి గూడెం పటేలు, పూజారి కూచొని ఏ ఏటికాయేడు పెడ్తరు. ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక. జోగయ్య కాగితాలు ముందటేసుకుంటే నాకు చిత్రమనిపించింది. పేరుకు పదకొండు నెలలు గానీ ఒకటి జర పొట్టిది, ఒకటి జర పొడుగుది. ప్రతి కాగితమూ పండగ ముందు రోజుకే అయిపోతున్నది. కొత్తది పండగైన వారానికి మొదలైతున్నది.

గూడెమోళ్లకు ఇది తెలుసు. వాళ్లు దీన్ని మంచితనం అనుకున్నరు. "మన పండగ చూసి కాగితం రాస్తుండు, దొర మంచోడే" అనుకున్నరు ఏడేండ్లు.

"పండగెప్పుడో మిల్లుకు ఎట్ల తెలుస్తదమ్మా?" అని ముత్తమ్మను అడిగిన.

"గుమస్తా సారు వస్తడు గద. సైకిలేసుకొని ఏటేటా వస్తడు. పటేలు కాడ కూచొని పండగెప్పుడు పెట్టిన్రని అడుగుతడు. ఇప్పకల్లు పోస్తే తాగుతడు, మూతి వంకర పెట్టుకొని తాగుతడు" అని నవ్వింది. "మేమేమో పండగకు పిలిపించుకోవాలని అడుగుతుండనుకుంటిమి."

కేసు మొత్తం ఆ సైకిలు మీద ఉన్నది.

సుబ్బారావు

ఆ గుమస్తా పేరు సుబ్బారావు. మధిర మనిషి. పండగ తేదీ కనుక్కొని రమ్మని పంపింది మేనేజరని ఆయన నోటితో చెప్తే గండి ఎవరు పెట్టిన్రో తేలిపోతది. గుట్టుగ ఖమ్మం బస్టాండు ఎదుటి హోటలుకు పిలిపించుకున్న. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. చాయ్ సాసరులో పోసుకొని ఊదుకుంట కూచున్నడు.

"అవునండి, నేనే వెళ్లేవాణ్ణి. కాగితాల్లో గడువు తేదీ ఖాళీగా ఉంచి వేలు పెట్టించుకునేవాళ్లం. 'పండగెప్పుడో కనుక్కురావయ్యా, దాన్నిబట్టి తేదీ వేద్దాం. ఎలాగూ రారుగా' అనేవారు మేనేజరు గారు" అన్నడు.

"ఈ మాట కోర్టుల చెప్తవా?"

సాసరు కింద పెట్టిండు. "నరసయ్య గారూ, మీరు జోగయ్య కాగితాలే చూశారు. నాది చూడలేదు."

"నీకేంది, ఆఫీసు మనిషివి."

"నాకూ పదకొండు నెలలేనండి. నాది పండగతో కాదు, మార్చితో అయిపోద్ది. అంతే తేడా. ఇంట్లో పక్షవాతం వచ్చిన అమ్మ. సంపాదించేది నేనొక్కణ్ణే." లేవబోయి మళ్లీ కూచున్నడు. "మీరు సమన్లు పంపిస్తే రాక తప్పదు. వచ్చాక అబద్ధం చెప్పను. నా అంతట నేను మాత్రం రానండి. నన్ను తప్పుగా అనుకోకండి."

సమన్లకు దరఖాస్తు రాసుకున్న. నా చేతితోనే రాసుకున్న. రాసి సంచిలో పెట్టుకొని తిరిగిన. వాయిదాకు వాయిదా జరుగుతున్నది గానీ దాఖలు చేయలే. ఆయన బోనెక్కిన తెల్లారి ఆయన కాగితం పోతది. ఒకరి కొలువు నిలబెట్టడానికి ఇంకొకరి కొలువు తీయాల్నా అని మనసు పట్టకపోయేది. పైగా జోగయ్య సాక్ష్యంతోనే పని అయితదని ఆశ ఉండె. గేటు కాడ "కాగితం అయిపోయింది, వారం దాక రావొద్దు" అని వాచ్‌మన్ ఏటేటా చెప్పేటోడు. అది నిజమే. అది చెప్తే చాలనుకున్న.

"రేపు వకీలు అడుగుతడు జోగయ్యా. పొమ్మన్నరా, నువ్వే పోయినవా అంటడు. గేటు కాడ రావొద్దన్నరని చెప్పు. అబద్ధం కాదు గద."

"అవ్, అన్నరు."

"అదే చెప్పు."

"సరే అన్నా."

మంగళవారం

కోర్టు వరంగల్‌లో. జడ్జి రాఘవాచారి గారు. నిదానస్తుడు, కార్మికుని మాట పూర్తిగ వినేటోడు. అసుంటి జడ్జి ముందు ఓడడం ఇంకా బాధ. పక్కన టైపు మిషన్ కాడ సరోజ అనే అమ్మాయి. పేర్లు పిలిచే బంట్రోతు యాకూబ్. కిటికీ పక్క బల్ల మీద ముత్తమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. ఆమె అంతకు ముందు ఆ ఊరు చూడలే.

శేషగిరిరావు గారు చానా మెత్తగ మొదలుపెట్టిండు.

"జోగయ్యా, ప్రతి ఏటా వానల ముందు నువ్వు మిల్లు పని మానేసి పోయేవాడివి. అంతేనా?"

"అవ్."

"ఎందుకు పోయేవాడివి?"

"భూమి పండగ."

"పండగకు మిల్లువాళ్లు పొమ్మన్నారా, నువ్వే పోయావా?"

జోగయ్య నా దిక్కు చూసిండు. నేను తలకాయ ఊపిన. ఆయన మళ్లీ వకీలు దిక్కు తిరిగిండు. ముఖంలో కోపం వచ్చింది, నేనెప్పుడూ చూడని కోపం.

"మా పండగకు ఒకరు పొమ్మనేదేంది? మేమే పోయినం."

శేషగిరిరావు గారు "అంతే" అని కూచున్నడు. ఇంకో ప్రశ్న కూడా అడగలే. జడ్జి గారు ఇంగ్లీషులో చెప్పిన్రు, సరోజ టకటక కొట్టింది. తర్వాత నకలు తీసుకొని చదివించుకున్న. "సాక్షి తనంతట తానే పని మానినట్టు ఒప్పుకున్నాడు" అని ఉన్నది. "మా పండగ" అన్నది అందులో లేదు.

నేను లేచి గేటు, వాచ్‌మన్ అని ఏదో అడిగిన. చెప్పిండు గానీ అప్పటికే మొదటి మాట ఎక్కి కూచున్నది. జడ్జి గారు కండ్లద్దాలు తీసి నా దిక్కు చూసి, "కార్మికుని తరఫున ఇంకెవరైనా సాక్షులున్నారా?" అన్నరు.

కిటికీలకెళ్లి బయటికి చూసిన. గేటు అవతల, సైకిళ్లు పెట్టే కాడ, సుబ్బారావు నిలబడి ఉన్నడు. అదే ఇస్త్రీ చొక్కా, వానకు తడిసి ఒంటికి అంటుకున్నది. మిల్లు కాడి నుంచి వరంగల్ దాక వచ్చిండు. మిల్లుకు సెలవు పెట్టి వచ్చిండని తర్వాత తెలిసింది. లోపలికి రాలే. తిరిగి పోలే. కిటికీ దిక్కే చూస్తున్నడు. నేను యాకూబ్‌కు చెప్తే చాలు, ఆ పేరు గేటు దాక వినబడేటట్టు పిలుస్తడు. జడ్జి గారు కాదనేటోరు కాదు.

"ఎవరూ లేరు సార్" అన్న.

ఎందుకన్ననో ఇన్నేండ్లకు కూడా సాఫుగ చెప్పలేను. జాలి అనుకుంట. అప్పుడది మంచితనం అనిపించింది. ఇప్పుడు ఒకటి తెలుసు. ఆ జాలి నా సొంతం కాదు. జోగయ్య బతుకులో నుంచి తీసి సుబ్బారావుకు దానం చేసిన. నన్ను నమ్మి బోనెక్కింది జోగయ్య. పెద్దసారు చెప్పిన మనిషి గేటు కాడ కనబడుతనే ఉన్నడు, నేను చూపెట్టలే.

వరండాలో జోగయ్యను గట్టిగనే అడిగిన. "ఏందయ్యా, నిన్న ఒకటి అనుకుంటిమి, ఈడికొచ్చి గట్ల చెప్తివి?"

"పొమ్మన్నరంటే పండగ దొరది అయితదన్నా" అన్నడు, నెమ్మదిగ. "కొలువు ఆయనది. ఇయ్యకపోతే పాయె. పండగ కూడ ఆయనిచ్చిందే అంటే ఇగ మాకేమున్నది?"

నేను సంచి భుజానికేసుకొని మెట్లు దిగిన.

బయటికి వస్తుంటే సుబ్బారావు ఎదురు నిలబడ్డడు. ముత్తమ్మ గుర్తుపట్టింది. కోపంగ ఏమీ అనలే. చుట్టాన్ని పలకరించినట్టే అడిగింది.

"ఏం సారూ, ఈ ఏడు పండగెప్పుడో అడగనే రాకపోతివి? కల్లు కుండ అట్లనే ఉన్నది."

ఆయన తడిసిన చొక్కా కొస పిండుకున్నడు. జోగయ్య చెయ్యెత్తి దండం పెట్టి, పెండ్లాంతో బస్టాండు దిక్కు నడిచిండు.

తర్వాత

కేసు కొట్టేసిన్రు. గడువు తీరిన కొలువు, కార్మికుడు తనంతట తానే పోయేవాడు, గండి యజమాని పెట్టినట్టు రుజువు లేదు. తీర్పు తప్పని నేను అనను. ఆ గదిలో వినబడ్డ మాటలను బట్టి అదే రావాలె. హైకోర్టుకు పోదామంటే జోగయ్య వద్దన్నడు. "ఇంకెంత దూరం తిప్పుతవన్నా" అన్నడు. మిరప కోతలకు కల్లూరు దిక్కు వలస పోయిన్రు. మొదట ఆయన, తర్వాత ఆమె. పండగకు వచ్చేటోళ్లని విన్న. కొన్నేండ్లకు అది కూడా వినలే.

ఆ వచ్చే మార్చిలో సుబ్బారావు మా ఆఫీసుకు వచ్చిండు. చేతిలో కాగితం. ఆయనకు కూడా మళ్లీ రాయలే. తప్పేం చేయలే, మేనేజరు బామ్మర్ది కొడుకు ఖాళీగ ఉన్నడట, అంతే. "ఇది కేసవుద్దంటారా నరసయ్య గారూ?" అని అడిగిండు. చదివిన. నేను కాపాడిననుకున్న కాగితం అదే. కేసు వేసినం, అది కూడా నిలబడలే. ఆ వాయిదాలకు ఎన్నిసార్లు పక్కపక్కన కూచొని బస్సులో పోయినమో. ఆ మంగళవారం వరంగల్ ఎందుకొచ్చినవని ఒక్కనాడు అడగలే. చెప్పడానికొచ్చిండా, పిలవొద్దని బతిమాలడానికొచ్చిండా. అడిగితే ఏం చెప్తడో అని నాకే భయం.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇది. ఈ కేసులలో ప్రతి సాక్షి కాగితానికి కూడా ఒక గడువు ఉంటది. చెప్పకపోతే తన కొలువు నిలుస్తదని వాడు అనుకుంటడు, మీరు కూడా అనుకుంటరు. నిలవదు. పిలవుండ్రి. పిలిచినంక వానికోసం కూడా కొట్లాడుండ్రి. ఇంకోటి. మీ మనిషిని బోనెక్కించే ముందు ఏం చెప్పాల్నో నేర్పకుండ్రి. ఏ మాట చచ్చినా అనడో అది కనుక్కోండ్రి. నేను జోగయ్య కాగితాలన్నీ చదివిన, చదువొచ్చిందన్న మురిపెంతో మళ్లీ మళ్లీ చదివిన. పండగ మీద ఆయనకెంత పట్టున్నదో అడగలే.

ఆ రోజు అక్కడున్నోళ్లు వీళ్లు. కుర్చీలో జడ్జి రాఘవాచారి గారు. మిల్లు తరఫున శేషగిరిరావు గారు. టైపు మిషన్ కాడ సరోజ, ఆమెది కూడా తాత్కాలికమే, ఆ ఏడాదే పోయింది. తలుపు కాడ యాకూబ్. బోనులో కుంజా జోగయ్య. కిటికీ పక్క బల్ల మీద ఆయన పెండ్లాం ముత్తమ్మ. కార్మికుని తరఫున నేను, నర్సయ్య. వీళ్ల పేర్లన్నీ ఆ రోజు కోర్టు కాగితాలలో ఎక్కడో ఒకచోట ఉంటయి, ముత్తమ్మది తప్ప. గేటు అవతల వానలో సుబ్బారావు. ఆయనది కూడా లేదు. ఆ రోజు యాకూబ్‌తో పిలిపించాల్సిన పేరు, ఇన్నేండ్లకు ఇక్కడ రాసిన.